పాడేవాడు రాని పాట

ఆ క్యాసెట్‌కు పేరు లేదు. దాని డబ్బా ఎక్కడో పోయింది. పైన అంటించిన కాగితం సగం చిరిగిపోగా, మిగిలిన సగం మీద ఎవరో ఉర్దూలో ‘ఇంగ్లీష్’ అని ఒక్క మాట రాసి వదిలేశారు. డెబ్బైల చివర్లో, తాండూరులో, నేను లెక్కలు చెప్పే బడిలోనే ఉర్దూ చెప్పే టీచర్ ఇంట్లో దాన్ని మొదటిసారి విన్నాను. మధ్యాహ్నం అన్నం తినే గంట. ఆమె తమ్ముడు కువైట్ నుంచి సెలవు మీద వచ్చాడు. రేడియో, టేప్ రికార్డర్ రెండూ కలిసిన పెట్టెను తెచ్చి, నాపరాళ్లు పరిచిన గదిలో పీట మీద పెట్టాడు. దాన్ని చూడడానికే వెళ్లాను.

అందరం గోడలకు ఆనుకుని కూర్చున్నాం. ముందు ఆర్గన్ ఒక్కటే మొదలైంది. నేను వికారాబాదులో మా చర్చిలో వాయించేది కాళ్లతో తొక్కే పెద్ద హార్మోనియం. ఇది కూడా ఆ జాతి ధ్వనే, కాని ఊపిరి పదింతలు ఎక్కువ. తర్వాత గిటార్ వచ్చింది. దాని వెనక డ్రమ్ములు. పాటకు ముందు వాయించే ముక్క కదా, ఇప్పుడు గొంతు అందుకుంటుంది అనుకున్నాను. గొంతు రాలేదు. వాద్యాలే ఒకదాన్నొకటి తరుముకుంటూ పోయాయి. ఒకచోట అన్నీ ఆగాయి. ఇప్పుడు పాడతాడు అని అందరం కొంచెం ముందుకు వంగాం. మళ్లీ ఆర్గనే.

మంచం మీద పడుకున్న వాళ్ల దాదీకి, అంటే నాయనమ్మకు, ఓపిక పోయింది. పాడేవాడు ఏడని అడిగింది.

“గానేవాలా కిధర్ హై రే?”

“ఇస్మే గానేవాలా నై హై దాదీ. సబ్ బజానేకాచ్ హై” అన్నాడు మనవడు. పాడేవాడు లేడు, అంతా వాయించేదేనట.

“ఏ క్యా తమాషా జీ! బారాత్ ఆగయీ, దూల్హాచ్ నై ఆయా!”

పెండ్లి ఊరేగింపు వచ్చింది, పెండ్లికొడుకే రాలేదు! అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. కాని ఆ మాట నాకు గుచ్చుకుంది. బైబిల్లో పెండ్లికొడుకు కోసం దీపాలు పట్టుకుని ఎదురుచూసిన కన్యకల గురించి చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినదాన్ని. ఆ పెండ్లికొడుకులా ప్రభువు మళ్లీ వస్తాడన్న నమ్మకం మీదే మా ఇల్లు నిలబడి ఉంది.

“ఎవరిది తమ్మీ ఇది?” అని అడిగాను.

“ఇంగ్లండోళ్ల బ్యాండు టీచరమ్మా. ప్రోగ్రెసివ్ రాక్ అంటరంట. పాటలు గూడ పాడుతరు గని, దీన్ల ఎవలో ఒట్టి వాయించినయే ఏరి ఎక్కించిండ్రు. నా రూంల ఉండే మలయాళీ ఇచ్చిండు.”

“ప్రోగ్రెసివ్ అంటే?”

“నాకేమెర్క? పొడుగ్గ ఉంటది. ఎప్పుడు ఐపోతదో తెల్వది.”

బడి గంట కొట్టేసరికి అది నిజంగానే అయిపోలేదు. చివరి ముక్కలో శబ్దం మెల్లమెల్లగా సన్నబడుతుంటే బ్యాటరీలు పోతున్నాయి అనుకున్నాను. కాదట, దాన్ని అట్లాగే చేశారట. ముగించకుండా దూరం తీసుకుపోయారు. పాట ఎక్కడ మొదలైందో ఆ స్వరానికి తిరిగి వచ్చి కూర్చోవాలి అని నేర్చుకున్నదాన్ని. ఇది కూర్చోలేదు. ఆ రోజు లెక్కల క్లాసులో రెండుసార్లు తప్పు చెప్పాను.

నా సంగతి కొంత చెప్పాలి. మా నాయిన ఉపదేశి. వికారాబాదు చుట్టుపక్కల పల్లెలు తిరిగి వాక్యం చెప్పేవాడు, సంఘానికి కీర్తనలు కట్టేవాడు. మా ఇంట్లో పొద్దున లేఖనం చదవనిదే పొయ్యి వెలిగేది కాదు. నేను రోజూ పొద్దున ప్యాసింజరులో తాండూరు వెళ్లి పాఠాలు చెప్పి, సాయంత్రం బండికి తిరిగి వచ్చేదాన్ని. ఆదివారం చర్చిలో హార్మోనియం ముందు బల్ల మీద కూర్చునేదాన్ని. వెనకటి మిషన్ దొరలు వదిలిపోయిన పెట్టె అది. లోపల తోలు తిత్తి ఒకపక్క చిరిగి, తొక్కినప్పుడల్లా ఆయాసపడేది. ఆ ఆయాసం కూడా నాకు ఇష్టమే. వారంలో మిగిలిన రోజులన్నీ ఆ బల్ల కోసమే బతికేదాన్ని అంటే ఎక్కువ కాదు.

ఆ బల్ల నాకు ఎట్లా దక్కిందో కూడా చెప్పాలి. నాకంటే ముందు ఆసుపత్రి కాంపౌండరు వాయించేవాడు. ఒక పెండ్లిలో, పెండ్లికూతురు నడిచి వస్తుంటే, ఆయన చేతులు మెల్లగా ఒక సినిమా పాటలోకి జారాయి. వరుస మారుస్తూ వాయించాడు, ఎవరూ పట్టుకోరు అనుకున్నాడు. వెనక వరుసలో ఇద్దరు ఆడవాళ్లు వెంటనే ఆ పాట మాటలు అందుకున్నారు. మరుసటి ఆదివారం ఆయన్ని దింపేశారు. అప్పుడు నాకు పదిహేడు. సంఘం ముందు నిలబెట్టి నా దగ్గర మాట తీసుకున్నారు. ఈ పెట్టె మీదికి లోకపాట రానియ్యను అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

అయితే ఇది లోకపాటేనా? లోకపాటకు మాటలుంటాయి. ఆ మాటల్లో లోకం ఉంటుంది. ఇందులో మాటే లేదు. అట్లా నాకు నేను చెప్పుకుని, ఆ నెలంతా అన్నం గంటలో ఉర్దూ టీచర్ ఇంటికి వెళ్లాను. దాదీ నన్ను చూడగానే “టీచర్ ఆయీ, బజావ్ వో దూల్హే బగైర్ కీ బారాత్!” అనేది. ఆ పెండ్లికొడుకు లేని ఊరేగింపునే పెట్టమని మనవడికి పురమాయింపు.

క్యాసెట్‌లో ఐదు ముక్కలున్నాయి. వాటికి పేర్లు ఉండే ఉంటాయి, నాకు తెలియవు. ఒకటి వాన మొదలయ్యే ముందు ఉక్కపోతలా ఉండేది. ఒకటి ఉత్త గిటారు, చాలా చిన్నది, అందులో వేళ్లు తీగ మీద రాసుకునే చప్పుడు కూడా వినిపించేది. ఒకటి నాకు నచ్చలేదు, రేకుల షెడ్డులో రాళ్లు పడ్డట్టు ఉండేది. చివరిది ఆ సన్నబడిపోయేది. నన్ను పట్టుకున్నది మొట్టమొదటిది, ఆర్గన్‌తో మొదలయ్యేది. దాని తాళంలో అడుగుకు ఏడు దెబ్బలు. ఏడు, ఏడు, ఏడు వచ్చి నాలుగోసారి ఐదే వచ్చేది. మెట్లు దిగుతుంటే ఒక మెట్టు లేదని కాలికి తెలిసినట్టు అనిపించేది. అలవాటు పడ్డాను అనుకున్న ప్రతిసారీ ఆ ఐదు దగ్గర గుండె జారేది.

అది నాతో బండెక్కింది. ధారూరు దాటాక అడవి పక్కన బండి నెమ్మదించేది, చక్రాలు నాలుగు కొడుతుంటే నా వేళ్లు టిఫిన్ డబ్బా మీద ఏడు కొట్టేవి. ఎదురుగా కూర్చున్న కందుల వ్యాపారి ఒకరోజు అడిగాడు, “ఏం టీచరమ్మా, పరేషాన్ ఉన్నవా? డబ్బ మస్తు కొడ్తున్నవ్.” చేతులు చంకల్లో పెట్టుకున్నాను. కాలు కదలడం మొదలైంది. ప్రార్థనలో మోకరిస్తే ప్రార్థన మాటలు నాలుగు నాలుగుగా పోయేవి, వాటి కింద ఇది ఏడుగా నడిచేది. ప్రభువా, దీన్ని తీసివేయి అని అడిగాను. తీసివేయకపోతే నాకు లోపల కొంచెం సంతోషంగా ఉండేది. ఆ సంతోషానికి కూడా క్షమాపణ అడిగేదాన్ని.

ఫిబ్రవరిలో కోత పండుగ వచ్చింది.

మా సంఘంలో ఆ రోజుకు ఒక పద్ధతి ఉంది. కొత్త పంటలో మొదటి భాగాన్ని ఊరివారీగా వరుస కట్టి తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. కందులు, జొన్నలు, కుసుమలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. చివరి మనిషి చివరి కాయ పెట్టేదాకా పాట ఆగకూడదు. ఆగితే ఆ తర్వాత పెట్టినవాళ్ల కానుక స్తుతి లేని కానుక అవుతుందని మా వాళ్ల పట్టుదల. లేఖనంలో అట్లా లేదని నాయిన ఎన్నోసార్లు చెప్పాడు. ఎవరూ వినలేదు.

ఆ ఏడాది కందులు బాగా పండాయి. పూడూరు నుంచి, మర్పల్లి నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చారు. ఆరు చరణాల కీర్తన మూడుసార్లు పాడారు. వరుస ఇంకా గుమ్మం బయటే ఉంది. గొంతులు ఎండిపోయాయి. ఒక్కొక్కరే పాడడం ఆపేశారు. పాస్టరయ్య నా వైపు చెయ్యి తిప్పాడు, వాయిస్తూనే ఉండమని.

అదే కీర్తన ఒట్టిగా రెండుసార్లు వాయించాను. చెమట పట్టింది. మూడోసారి చరణం చివర ఒక స్వరం దగ్గర చెయ్యి కొంచెం ఆగింది. ఆ స్వరంతోనే అది మొదలవుతుంది. నేను మొదలుపెట్టాను అనలేను. ఆపలేదు అని మాత్రం అనగలను.

ఏడు, ఏడు, ఏడు, ఐదు. మా పెట్టె ఆయాసపడుతూనే పాడింది. ముందు వరుసలో నడుస్తున్నవాళ్ల అడుగు తప్పింది. బస్తా భుజాన ఉన్న ఒక పెద్దాయన ఐదు దగ్గర ఆగి, మళ్లీ నడిచి, మళ్లీ ఆగాడు. వెనకవాడు ఆయనకు గుద్దుకున్నాడు. కొంచెంసేపటికి మొత్తం వరుసకు ఆ ఆగడం అబ్బింది. నడక, నడక, నడక, చిన్న ఆగు. ఎవరూ చెప్పలేదు. కోళ్లు కూడా అరవడం మానాయని నాకు గుర్తు, అది నిజమో కాదో. ఆ కాసేపు నేను ప్రభువు సన్నిధిలో ఉన్నాను. ఈ ఒక్క మాటను మాత్రం ఎవరు ఎంత అడిగినా మార్చుకోలేదు.

ఆరాధన అయ్యాక పాస్టరయ్య నా దగ్గరికి వచ్చాడు.

“వెనకటి దొరల పాటనా అమ్మా అది? చాన గంభీరంగ ఉన్నది.”

నేను నోరు తెరిచేలోపు ఆయమ్మ అందుకుంది. ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లు ఆయాగా చేసి దిగిన ముసలావిడ. వికారాబాదులో సగం మంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్లే. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

“అవు అయ్యగారూ, దొరసానిదే. పొద్దుమూకి బంగ్లల వాయిస్తుండె. నేను చిన్నపిల్లను, నీళ్ల కుండ పట్టుకోని వాకిట్ల నిలవడి వింటుంటి. ఇన్నేండ్లకు మల్ల విన్న. ఈ బిడ్డకు ఏడికెల్లొచ్చిందో!”

అందరూ నా వైపు చూశారు. నేను తల వంచాను. వినయం అనుకున్నారు. ఆ రోజు నా నోటి నుంచి ఒక్క అబద్ధమూ రాలేదు. నిజమూ రాలేదు.

తర్వాతి వారం పెద్దలు కూడి ఒక మాట అనుకున్నారు. దొరసాని వదిలిపోయిన ఆ పాట మరుగున పడకూడదు. దానికి తెలుగు మాటలు కట్టించి, కార్తీకంలో ధారూరు దగ్గర అడవిలో జరిగే మా క్రైస్తవుల జాతరలో పాడించాలి. కట్టేది ఎవరు? మా నాయిన.

నాయిన సంబరంగా కూర్చున్నాడు. సాయంత్రం వాకిట్లో చాప వేసుకుని నన్ను పిలిచి “ఏదీ, జర నోటితోటి అను” అనేవాడు. నేను రాగం తీసేదాన్ని. ఆయన తొడ మీద తాళం వేసుకునేవాడు. ఏడు అంటే ఆయనకు కొత్త కాదు, చాపు తాళంలో ఎన్ని కీర్తనలు కట్టాడో. మూడు వరుసలు హాయిగా వచ్చేవి. నాలుగో వరుసలో మాట సగానికి తెగేది.

“మూడు మెట్లు సక్కగున్నయ్, నాలుగో మెట్టు ఎవలో ఎత్కపోయిండ్రు” అనేవాడు. కాగితం కొట్టివేసి మళ్లీ రాసేవాడు. స్తోత్రం అనే మాట పట్టదు. రక్షకా అంటే ఒకటి మిగులుతుంది. రెండు నెలలు పోయాయి. పల్లెలకు నడిచి వెళ్తూ వేళ్లు మడిచి లెక్కపెట్టుకునేవాడట. కుల్కచర్లలో వాక్యం చెప్తూ మధ్యలో ఆగిపోయాడని ఎవరో వచ్చి చెప్పారు. నాకు పట్టిన జబ్బు నాయినకు కూడా పట్టింది. నేనే అంటించాను. ఆయన తింటూ తింటూ వేళ్లు మడుస్తుంటే నాకు ముద్ద దిగేది కాదు.

చెప్తే ఏమవుతుందో తెలుసు. బల్ల పోతుంది. కాంపౌండరును దింపినవాళ్లు నన్ను ఉంచరు. చెప్పకపోతే జాతరలో వేలమంది ముందు ఆ పాట నాయిన పేరుతో పోతుంది. ఈ రెండింటి మధ్య ఎండాకాలం గడిచింది.

చివరికి జూన్‌లో ఒక సాయంత్రం నాయిన నాలుగో వరుసను ఎట్లానో సరిచేశాడు. ఐదు దగ్గర మాట పెట్టకుండా వదిలేశాడు. అక్కడ హార్మోనియం ఒక్కటే మోగాలని. సంతోషంగా కొత్త కాగితం తీసి శుభ్రంగా ఎత్తి రాయడం మొదలుపెట్టాడు. మా కీర్తనల పైన ఎప్పుడూ రాగం, తాళం, అది ఏ పాట మట్టులో కట్టారో రాస్తారు. వరుస ఎక్కడిదో దాచకూడదని ఆ పద్ధతి.

“మట్టు ఏమని రాయాలె బిడ్డా? దొరసాని పుస్తకంల ఎన్నో నంబరు అది?”

కలం కాగితం మీద ఆగి ఉంది.

“పుస్తకంల లేదు నాయినా. తాండూరుల విన్న. ఉర్దూ టీచరోళ్ల ఇంట్ల, క్యాసెట్ల.”

“ఎవలది?”

“ఇంగ్లండోళ్ల బ్యాండుది. రాక్ అంటరు.”

“ఏం పాడిండ్రు అండ్ల?”

“ఏం పాడలే. మాటల్లేవు.”

“లేవా? నీకు సమజ్ కాలేదా?”

“లేవు నాయినా. ఒట్టి వాయించుడే.”

నాయిన కలానికి మూత పెట్టాడు. కోపం వస్తుందని ఎదురుచూశాను. రాలేదు.

“మాటుంటె లేఖనం పక్కన వెట్టి చూస్తం. తప్పుంటె తప్పంటం. మాటే లేనిదాన్ని దేని పక్కన వెట్టి చూడాలె?”

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. నెలలుగా బండిలో దీనికే జవాబు కట్టుకుంటున్నాను. “పిచ్చి పట్టిన రాజు ముంగట గొర్లకాపరి పిల్లగాడు తీగలు వాయిస్తె రాజు నిమ్మళపడ్డడు. అప్పుడేం మాట పాడిండో లేఖనంల లేదు గద నాయినా.”

“మాట లేదు. వాయించినోడెవడో ఉన్నది గద! దేవుడు ఏరుకున్నోడని రాసున్నది. నీ క్యాసెట్ల వాయించినోడెవడు? పేరేంది?”

ఆ క్యాసెట్ మీద ‘ఇంగ్లీష్’ అన్న ఒక్క మాట తప్ప ఏమీ లేదు.

ఆయన రాసిన కాగితాన్ని మడిచి లేఖనంలో పెట్టుకున్నాడు. చింపలేదు. “పెద్దల ముంగట నువ్వే చెప్పు. నా నోటికెల్లి వస్తె నా ఒప్పుకోలయితది, నీది కాదు” అన్నాడు.

ఆదివారం ఆరాధన తర్వాత, చర్చి పక్క గదిలో చెప్పాను. పాస్టరయ్య, నలుగురు పెద్దలు, సాక్ష్యానికి పిలిచిన ఆయమ్మ. పెద్దల్లో ఒకడు వెనకటి కాంపౌండరే. ఆయన్ని సంఘం క్షమించి, తర్వాత పెద్దగా కూడా ఎన్నుకుంది. నేను చెప్పడం అయ్యాక మొదట మాట్లాడింది ఆయనే.

“నేనన్నా పెండ్లిల వాయించిన. నువ్వు సక్కగ దేవునికి కానుకలిచ్చేటప్పుడే వాయించినవ్!”

ఎవరో నవ్వు ఆపుకున్నారు. పాస్టరయ్య నవ్వలేదు. ఆయమ్మ వైపు తిరిగాడు. “మరి నువ్వేమో దొరసాని పాటంటివి?”

“దొరసానిదే” అంది ఆయమ్మ.

“ఆయమ్మా, అది ఇంగ్లండోళ్లు ఇప్పుడిప్పుడే చేసింది” అన్నాను.

“దొరసాని ఏడిది మరి, మర్పల్లిదా?”

ఈసారి అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. నన్నే చూస్తూ ఉంది. అప్పుడు తెలిసింది నేను ఏం చేశానో. నా నిజం ఆమెను అబద్ధాలదాన్ని చేసింది.

పాట జాతరకు పోలేదు. మళ్లీ కోత పండుగ వచ్చేదాకా నన్ను బల్ల దిగమన్నారు. ఆ తర్వాత ఎక్కితే కీర్తనల పుస్తకంలో ఉన్నదే వాయిస్తానని మాట ఇవ్వాలి. ఇచ్చాను. తక్కువ శిక్షే అన్నారు. నాకు తక్కువగా అనిపించలేదు. ప్రతి ఆదివారం ఆడవాళ్ల మధ్య చాప మీద కూర్చుని, మూత వేసిన పెట్టెను చూస్తూ పాడాను. ఆధారం లేకపోయేసరికి పాట మొదట్లో ఒక శ్రుతిలో ఉండి, చివరికి ఒక మెట్టు దిగిపోయేది. ఆ దిగడం నాకొక్కదానికే వినిపిస్తున్నట్టు ఉండేది. ఒళ్లో వేళ్లు కదిలితే కొంగు కింద దాచుకునేదాన్ని.

ఉర్దూ టీచర్ ఇంటికి పోవడం తగ్గించాను, మానలేదు. తమ్ముడు కువైట్ వెళ్లిపోయినా పెట్టె ఇంట్లోనే ఉంచాడు. వానాకాలంలో ఒకరోజు ఆమె క్యాసెట్ తెచ్చి నా చేతిలో పెట్టింది. టేపు మెషీనుకు చుట్టుకుని నలిగి, తెగి, గోధుమరంగు పేగుల్లా బయటికి వేలాడుతోంది. “దాదీ కహీఁ బటన్ దబాదియే” అంది నొచ్చుకుంటూ, దాదీ ఏదో బటను నొక్కేసిందట. పెన్సిలు పెట్టి చుట్టి, తెగినచోట అతికించాం. మొదటి ముక్కలో ఆర్గన్ నాలుగు స్వరాలు పలికి, మునిగినట్టు మూలిగి, ఆగింది. అంతే. ఆ తర్వాత దాన్ని ఎక్కడా వినలేదు. ఎనభైలలో హైదరాబాదు కోఠిలో ఒక క్యాసెట్ల దుకాణంలో నోటితో అని చూపించాను కూడా. దుకాణదారు “పాట మాటలు చెప్పమ్మా, దొరకవడతది” అన్నాడు.

ఆయమ్మను మాత్రం జనం వదల్లేదు. “ఆయమ్మా, దొరసాని రాక్ వాయిస్తుండెనా? చిందులు గూడ ఏస్తుండెనా?” అని పిల్లల తల్లులు కూడా ఆటపట్టించేవారు. ఆమె ముందు వరుస వదిలి గుమ్మం పక్కకు మారింది. ఒకసారి వాళ్లింటికి వెళ్లాను. క్షమించమన్నాను.

“ఎందుకు? నువ్వు అబద్ధం చెప్పినవా?”

“లేదు ఆయమ్మా.”

“నేను గూడ చెప్పలే” అంది. చేటలో కందులు చెరుగుతూ ఉండిపోయింది.

మళ్లీ ఫిబ్రవరి వచ్చింది. కోత పండుగ రోజునే నన్ను బల్ల మీద కూర్చోబెట్టారు. మూత తీసి తొక్కి చూశాను. తిత్తి ఇంకొంచెం చిరిగింది, ఆయాసం పెరిగింది. ఆ ఏడాది పంట తక్కువ, వరుస చిన్నదే. కీర్తన ఒక్కసారి పాడేసరికే దాదాపు అందరి కానుకలూ అయిపోయాయి. ఆ పాటనే ఒట్టిగా ఎత్తుకుని, నాలుగు నాలుగుగా, చూపు పుస్తకం మీద నుంచి తిప్పకుండా వాయించాను.

చివర ఆయమ్మ వచ్చింది. ఇంటి వెనక కాసిన సొరకాయలు రెండు, చెరో చంకలో ఒకటి. హార్మోనియం దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ముందుకు పోలేదు.

“అది వాయించు బిడ్డా.”

“వద్దన్నరు ఆయమ్మా.” చేతులు ఆపకుండానే చెప్పాను.

“వద్దన్నది నీది. నాది వాయించు.”

“నీది నాకు రాదు.”

“రాకుంటె నేర్సుకో. శ్రుతి వెట్టు.”

సంఘమంతా చూస్తోంది. కాంపౌండరు లేచి పాస్టరయ్య దగ్గరికి వంగి ఏదో అన్నాడు. పాస్టరయ్య వింటూ ఆయమ్మ చంకల్లోని సొరకాయలను చూస్తున్నాడు. కానుక ఇంకా పెట్టలేదు. పాట ఆగకూడదు. నేను కీర్తన వదిలి ఒక్క స్వరం నొక్కి పట్టుకున్నాను.

ఆయమ్మ గొంతెత్తింది. మాటలు లేవు. ఊఁ అని మాత్రమే. మొదటి నాలుగు స్వరాలు అవే. క్యాసెట్ మూగబోయేముందు చివరిసారి విన్న ఆ నాలుగే. ఐదో స్వరం దగ్గర నా వేలు పైకి పోబోయింది. ఆమె కిందికి దిగింది. అక్కడి నుంచి అది వేరే పాట. నెమ్మదిగా, నాలుగు అడుగుల్లో, ఇంటి వైపు తిరిగి వచ్చే పాట. ఎవరో ఒక దొరసాని పొద్దుమూకి తన ఊరు తలుచుకుని వాయించుకున్నది. గొంతు రెండుచోట్ల విరిగింది. ఆయమ్మ ఆగలేదు. మొదలైన స్వరానికి వచ్చి నిలబడి, నా వైపు చూసింది.

“ఇన్నవా? ఇంగ వాయించు.”

కాంపౌండరు మళ్లీ లేవబోతే పాస్టరయ్య ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు. నాయిన మగవాళ్ల వరుసలో కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేస్తున్నాడు.

మొదటిసారి మూడుచోట్ల తప్పాను. తప్పినచోటల్లా ఆయమ్మ “ఊఁహూఁ” అని ఆపి, మళ్లీ పాడి చూపించింది. రెండోసారి ఒక్కచోట తప్పాను. అప్పుడు ఆమె నడిచింది. బలిపీఠం దాకా వెళ్లి, వంగి, సొరకాయలు ఒకటి తర్వాత ఒకటి పెట్టింది. ఆమె నడుము నిలబెట్టుకునేదాకా వాయించాను. చేతులు ఆమె పాటలోనే ఉన్నాయి. కింద కాళ్లు మాత్రం తిత్తి తొక్కుతూ ఏడు, ఏడు, ఏడు లెక్కపెట్టుకుని, ఐదు దగ్గర ఆగబోయి, గాలి చాలదని మళ్లీ తొక్కాయి.